పక్కింటి పొయ్యి

యుద్ధం 212వ రోజు. వెలిగిన పొయ్యిలు: 388.

గంజి దండగైంది. ముందు అదే రాస్తాను, లేకపోతే రేపు నిల్వ ఎందుకు తగ్గిందని నన్నే నిలదీస్తారు. పొద్దున వంటల వేళ తొలిగోడ ఊరివాళ్ళు మా మూడోగోడ ఊరికి ఉత్తరం వైపు నిచ్చెనలు వేశారు. నేను పొయ్యిల తనిఖీకి ఆ వీధిలోనే ఉన్నాను. గోడ మీద ఒక తల లేచింది. నా వయసువాడే, ముందు పళ్ళు రెండు లేవు. మా పక్కింటి కోటమ్మ పొయ్యి మీద డేగిసాడు గంజి కుతకుతలాడుతోంది. ఇద్దరం చెరో చెవీ పట్టుకుని ఎత్తి వాడి మొహాన కుమ్మరించాం. వాడు కేకైనా వెయ్యలేకపోయాడు, నోట్లోకి పోయింది మరి. వెనక్కి విరుచుకుని కింద ఎక్కుతున్న ఇద్దరి మీద పడ్డాడు. నలభై మంది తాగే గంజి!

నిజం రాస్తే, వాడి మొహం ఉడుకుతుంటే నాకొక్కటే భయం వేసింది, వీడు నా అల్లుడి తరఫు మనిషి కాదు కదా అని. నా కూతురు ముత్యాలు తొలిగోడలోనే కాపురం ఉంటోంది. యుద్ధం రాకముందు ఇచ్చిన సంబంధం. దాన్ని చూసి ఆరేళ్ళయింది.

మనవాళ్ళు తొమ్మిది మంది పోయారు. ఒకరిని రెండుగా నరికారు, పై సగం మాత్రమే దొరికింది. వాళ్ళవి నలభై పైనే. ఒకణ్ణి ప్రాణాలతో పట్టుకున్నారు, పేరు ఎర్రన్న, కుడిచెయ్యి నుజ్జయింది. గోడ నిలబడింది. నిలబడకపోతే ఏమవుతుందో ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. రెండోగోడ పడిన రోజున తొలిగోడ వాళ్ళు ఆరొందల మందిని అక్కడి వేడి ఊటలోకి తోశారు. మూడు రోజులు నీళ్ళ మీద కొవ్వు తేలింది. ఇప్పుడు వాళ్ళకి కావలసింది మన ఊట.

వాళ్ళ కన్ను, అదే వేడిని పసిగట్టే యంత్రం, ఆకాశంలో తిరుగుతూనే ఉంది. మనది నిరుడే కూలింది. ఈ చలిలో తోళ్ళు కప్పుకున్న మనిషి వేడి ఆ కన్నుకి అందదు, పొయ్యి వేడి అందుతుంది. ఒక్కో ఇంటి పొయ్యి ఒక్కో ఎర్రచుక్క. వాళ్ళకేం కనబడుతోందో మనకీ తెలియాలని రోజూ పొయ్యిలు లెక్కపెట్టి రాసే ఈ పని నాకు అంటగట్టారు. పొయ్యిల పెద్ద అట! పేరు గొప్పే, కాళ్ళు మాత్రం నావి.

213వ రోజు. వెలిగిన పొయ్యిలు: 379.

తొమ్మిది ఇళ్ళలో వెలగలేదు. మనిషి పోయిన ఇంట్లో మూడురోజులు పొయ్యి రాజెయ్యరు, పక్కింటివాళ్ళు వండి పెడతారు. ఇది మన తాతలు పాత భూమి నుంచి మూటగట్టుకొచ్చిన ఆచారం. ఇంకొకటి ఇక్కడికొచ్చాక పుట్టింది. దిక్కులేకుండా పోయినవాళ్ళ పొయ్యిని గోడ బయట, వాళ్ళ బిడ్డ రావలసిన దారిలో పెడతాం. కన్నబిడ్డ ఎక్కడున్నా వచ్చి దాన్ని ఒక్కసారి రాజేసి ఆర్పాలి. కడపటి మంట అంటాం. అది జరిగితేనే ప్రాణం నెమ్మదిస్తుందని నమ్మకం.

మధ్యాహ్నం దళపతి కబురు పెట్టారు. మార్కండేయులుగారికి మోకాలి చిప్పలు లేవు. చక్రాల పెట్టెలో కూర్చుని నేల మీద బొగ్గుతో ఏదో గీస్తున్నారు.

"వజ్రమ్మక్కా, రేపటి నుంచి పొయ్యిలు తగ్గించాలి. రేపు రెండొందల యాభై, ఎల్లుండి నూటపాతిక, ఆవలెల్లుండి అరవై."

"వండుకోకుండా ఏం తింటారండీ జనం?"

"కూర్చో. ఓ కథ చెబుతాను. మూడు వేల ఏళ్ళ కిందటి మాట. చైనాలో సున్ బిన్ అని ఒకాయన ఉండేవాడు."

"చైనా అంటే ఏ గోడకి అవతల?"

ఆయన నవ్వారు. "పాత భూమి మీద. ఆయనా, పాంగ్ జువాన్ అనేవాడూ ఒకే గురువు దగ్గర చదివారంటారు. పాంగ్ జువాన్‌కి ముందు సేనాపతి కొలువు దొరికింది. స్నేహితుడు తనకంటే తెలివైనవాడని కుళ్ళు. పిలిపించి, లేని నేరం మోపి, రెండు మోకాలి చిప్పలూ తీయించేశాడు. మొహం మీద దొంగకి పొడిచినట్టు పచ్చ పొడిపించాడు. సున్ బిన్ పిచ్చివాడిలా నటించి, పందుల దొడ్లో దొర్లి, అవతలి రాజ్యపు రాయబారి బండిలో దాక్కుని పారిపోయాడు. ఆ రాజ్యానికి వ్యూహాలు చెప్పేవాడయ్యాడు. ఏళ్ళ తరవాత పాంగ్ జువాన్ సైన్యం వెంటబడితే, విడిది చేసినచోట మొదటిరోజు లక్ష పొయ్యిలు పెట్టించాడు, రెండోరోజు యాభై వేలు, మూడోరోజు ముప్ఫై వేలు. పాంగ్ జువాన్ అవి చూసి, వీళ్ళ సైన్యం సగానికి పైగా పారిపోయిందని పొంగిపోయాడు. బరువైన దళాల్ని వెనక వదిలేసి కొద్దిమందితో పరుగెత్తుకొచ్చాడు. ఇరుకు దారిలో ఒక చెట్టు బెరడు చెక్కి ఉంది, దాని మీద ఏదో రాసుంది. మసకచీకటి కదా, చదవడానికి కాగడా వెలిగించాడు. ఆ వెలుగు కోసమే కొండ మీద పదివేల విల్లులు కాచుకుని ఉన్నాయి."

"ఏం రాసుందండీ?"

"పాంగ్ జువాన్ ఈ చెట్టు కింద చస్తాడు అని. ఓడిపోయానని తెలిసి వాడు తన కత్తితో తనే గొంతు కోసుకున్నాడు."

ఆయన తన తొడల మీద చెయ్యి వేసుకున్నారు. తొలిగోడ సేనాపతి దివాకరం, ఈయనా ఒకే బల్ల మీద కూర్చుని ఆ కథ విన్నారట. "నేను సున్ బిన్ అంతవాణ్ణవుతానని గొప్పలు పోయేవాణ్ణక్కా. నన్ను పట్టుకున్న రోజున వాడు నవ్వుతూ, అయితే అవ్వరా అన్నాడు. ఉలి తనే పట్టుకున్నాడు."

ఎప్పుడో చచ్చినవాడి కథ కోసం బతికున్నవాడి కాళ్ళు తీశాడా! వీళ్ళ చదువులు తగలెయ్య.

"మరి కథ ఆయనకీ తెలుసుగా?" అన్నాను. "పొయ్యిలు తగ్గితే పకపకా నవ్వుతాడు, రాడు."

"అదే నా బాధ," అన్నారు దళపతి.

అప్పుడు నోరు జారాను. నా పనిలో నన్ను మించినవాళ్ళు లేరన్న పొగరు నాది. "పొయ్యి ఆర్పేస్తే చావు అయిపోతుందా అయ్యా? చావు ఇంటి పొయ్యి ఆరితే పక్కింటి పొయ్యి రెండింతలు మండుతుంది. రెండిళ్ళకీ వండాలిగా. ఉత్తుత్తికి ఆర్పిన ఇంటి పక్కన అలా మండదు. పొయ్యి గుట్టు తెలిసిన ఆడది ఎవరైనా సరే, చుక్కల్ని చూసి ఇట్టే చెప్పేస్తుంది. మీరు నిజంగా నమ్మించాలంటే పక్కింట్లో రెండు పూటలా రెట్టింపు పిడకలు వెయ్యించండి. చలిజ్వరం వచ్చి ఊరు ఊరంతా రాలిపోతోందనుకుంటారు. ఆ జ్వరం వాళ్ళకి నిరుడే వచ్చిపోయింది, మళ్ళీ రాదు. భయం లేకుండా వస్తారు."

దళపతి నేల మీది బొగ్గు గీతలన్నీ అరచేత్తో చెరిపేశారు. "అక్కా, ఇది సున్ బిన్‌కి కూడా తోచలేదు," అన్నారు. ఇంటికొచ్చేదాకా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

214వ రోజు. వెలిగిన పొయ్యిలు: 250.

నూట ఇరవై తొమ్మిది పొయ్యిలు ఆర్పించేసరికి నా గొంతు పోయింది. "మొగుడు గుండ్రాయిలా ఉంటే పొయ్యి ఆర్పమంటావేంటే, నీ నోరు పడిపోను!" అని గుమ్మం గుమ్మంలోనూ తిట్లు. తిట్టనీ, నేను మాత్రం ఊరుకున్నానా? పడమటి వీధిలో ఒకావిడ పొయ్యికి అడ్డం పడుకుంది. దళపతి మనిషి ఆమెని జుట్టు పట్టి ఈడ్చి, పొయ్యిని పగలగొట్టాడు. ఆమె మళ్ళీ చెయ్యి అడ్డం పెడితే చేతినీ పగలగొట్టాడు. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. నేనే కట్టుకట్టాను. ఆమె నా మొహాన ఉమ్మేసింది. తుడుచుకుని పక్కవీధికి వెళ్ళాను.

సాయంత్రం ఎర్రన్నకి గంజి తీసుకెళ్ళాను. అప్పటికే వాడి ఎడమచేతి గోళ్ళు తీసేశారు. స్పూనుతో నేనే పోశాను. నా పేరు విని వాడు తాగడం మానేశాడు.

"మూడోగోడ వజ్రమ్మంటే నువ్వేనా? ముత్యాలు వాళ్ళమ్మవా?"

స్పూను గిన్నెలో వదిలేశాను. "నువ్వు దాన్నెరుగుదువా?"

"ఎరగనివాళ్ళెవరు? కన్ను చూసేది తనే కదా. చుక్కలు చూసి ఏ వీధిలో ఏం జరుగుతోందో చెప్పేస్తది. సేనాపతి తన మాట మీదే కదులుతాడు. తెల్లారి కన్ను పంపే బొమ్మలు పడే పలక తెరవగానే ముందు నీ పొయ్యే చూసుకుంటది. వెలిగుంటే, అమ్మ గంజి పెట్టింది అంటది, ఆ తరవాతే మిగతా లెక్క."

గిన్నె అక్కడే పెట్టేసి వచ్చాను. పొయ్యి గుట్టు తెలిసిన ఆడది ఎవరైనా చెప్పేస్తుంది అని పెద్దగా కోతలు కోశానే, ఆ ఆడదానికి పొయ్యి గుట్టు నేర్పింది ఎవరు? నా మోసాన్ని పట్టుకోగలిగేది ఈ లోకంలో నా కూతురొక్కతే, అది పట్టుకోలేకుండా దారి కూడా నేనే మూసేశాను. నా నాలుక తెగ్గోసుకోవాలనిపించింది.

215వ రోజు. వెలిగిన పొయ్యిలు: 125.

ఎర్రన్న చచ్చిపోయాడు. చచ్చేముందు నాకు చెప్పిందంతా దళపతికీ చెప్పించారు. అందుకే ఆయన పెట్టె దొర్లించుకుంటూ మా ఇంటికే వచ్చారు.

"వజ్రమ్మక్కా, రేపు పొద్దున నీ పొయ్యి వెలగకూడదు."

"వెలుగుతుంది," అన్నాను.

"నీకు దిక్కులేదు కాబట్టి నీ పొయ్యిని తొలిగోడ దారిలో ఉన్న నల్ల ఇరుకు కనుమలో పెట్టిస్తాను. తను కడపటి మంట కోసం వస్తుంది. తను వస్తే వాళ్ళ దండు ఆ దారినే వస్తుంది. చుట్టుదారికి మూడు రోజులు పడుతుంది, ఇరుకులోంచి అయితే పూట. దివాకరం తనతోనే ఉంటాడు. పొయ్యి వెలగగానే కొడతాం. వెలిగేదాకా ఒక్క విల్లు కూడా కదలదు, అది నా ఆజ్ఞ."

"అది నా కూతురయ్యా! నా కడుపున పుట్టింది!"

"ఈ గోడలో కడుపున పుట్టినవాళ్ళు పదిహేనొందల మంది ఉన్నారు. రెండోగోడ ఊటలో ఏం తేలిందో నీకూ తెలుసు." ఆయన గొంతు తగ్గించారు. "నేను మోకాళ్ళిచ్చాను అక్కా. నన్ను తిట్టు, పడతాను."

తిట్టాను. నాకు తెలిసినవన్నీ తిట్టాను, ఆయన్నీ, ఆయన చైనా గురువునీ కలిపి. గోడకవతల నుంచి కోటమ్మ వింటూనే ఉంది. ఆమె ముగ్గురు పిల్లలూ మా గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నారు. రోజూ నా చేతి ముద్ద తినే పిల్లలు. నేను తిట్టడం ఆపేశాను.

పొయ్యిని నేనే మోస్తానన్నాను, నేనే పేరుస్తానన్నాను. ఆయన ఒప్పుకున్నారు. ఆయనకి తెలియనిది ఒకటుంది. నాచు పిడకల్ని కుండెడు నీళ్ళలో నానేశాను. పిండితే కారేటట్టు నానాయి. పొయ్యి అంటకపోతే విల్లు కదలదు. విల్లు కదలకపోతే వాళ్ళు గోడ దాకా వస్తారు, పోరు గోడ దగ్గర జరుగుతుంది, ఎవరి రాత వాళ్ళది. పిల్ల మాత్రం ఆ ఇరుకులో కుక్కచావు చావదు. నాకు తోచింది అంతే.

216వ రోజు. వెలిగిన పొయ్యిలు: 60. నేను లెక్కపెట్టలేదు, కోటమ్మ చెప్పింది.

తెల్లవారకముందే వెళ్ళి పొయ్యి పెట్టాం. మూడు కొమ్ముల మట్టి పొయ్యి. ఒక కొమ్ము సగం లేదు, ముత్యాలు ఐదేళ్ళప్పుడు రోకలి పడేసి విరగ్గొట్టింది. వీపు మీద ఒకటి వేసి, ఆ విరిగిన కొమ్ముతోనే ఇన్నాళ్ళూ వండాను. పక్కన మట్టిమీద నా పేరు గీశారు. నన్ను విల్లులవాళ్ళతో పాటు పై గట్టు మీద కూర్చోబెట్టారు. నల్ల ఇరుకులో మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. మనుషులు నీడల్లా కనబడతారు, మొహాలు తెలియవు.

ఎండ నెత్తి మీదకొచ్చాక వాళ్ళొచ్చారు. మూడొందల మంది ఉంటారు, బరువు సామాన్లు లేవు, పరుగులాంటి నడక. అందరికంటే ముందు ఒక నీడ పొయ్యి దగ్గర ఆగింది. చతికిలబడలేదు. ఎడం మోకాలు పైకి పెట్టి, కుడికాలు మడిచి కూర్చుంది. వంట దగ్గర అలా కూర్చోకే, గుడ్డ అంటుకుంటుంది అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో!

అరవొచ్చు. నా నోట్లో ఎవరూ గుడ్డ కుక్కలేదు. "పారిపోవే ముత్యాలూ" అని ఒక్క కేక. అరిస్తే కోటమ్మ పిల్లలు ఊటలో తేలతారు. పొయ్యి ఎలాగూ అంటదులే అనుకున్నాను. పళ్ళు బిగించి కూర్చున్నాను.

చెకుముకి రవ్వ పడింది. అంటలేదు. మళ్ళీ పడింది. అంటలేదు. వెనక నుంచి ఎవరో విసుక్కున్నారు, "పద ముత్యాలూ, తడిసిపోయాయి, ఇక అంటవు." దేవుడా, దాన్ని లేవనియ్యి అని మొక్కుకున్నాను.

అది లేవలేదు. పొయ్యి అడుగున చెయ్యి పెట్టి పాత బూడిద తీసింది. చలికి ఒంటికి రాసుకునే నూనె బుడ్డి అందరి నడుముకీ ఉంటుంది కదా, అది బూడిదలో వంచింది. ముద్ద చేసింది. పిడకల్ని ఒకదానికొకటి ఆనించి నిలబెట్టింది, కింద ముద్ద పెట్టింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. దానికి ఏడేళ్ళు, వానలో పిడకలన్నీ తడిసిపోయాయి, అంటించలేక ఏడుస్తోంది. అంటించిందాకా అన్నం లేదని నేను గుమ్మంలో కూర్చున్నాను. చివరికి బూడిదముద్ద ఎలా చెయ్యాలో నేనే చూపించాను. దిక్కుమాలిన తల్లిని, అది కూడా నేర్పాను!

మూడుసార్లు ఊదింది. మంట లేచింది. మొహం కనబడింది. చిక్కిపోయింది నా తల్లి. కళ్ళు తుడుచుకుంటోంది.

"ముత్యాలూ!" అని అరిచాను. అప్పటికి విల్లులన్నీ ఒక్కసారే మోగాయి. నా కేక నాకే వినబడలేదు.

ఆ తరవాతది రాయమంటే రాస్తాను, ఇది చిట్టా కాబట్టి. మొదటి వరస బాణాలు మంట చుట్టూ ఉన్న ఇరవై మందిని నేలకి కుట్టేశాయి. వెనకవాళ్ళు పరుగెత్తబోతే పైనుంచి బండలు దొర్లించారు. బండ కింద పడ్డవాళ్ళ అరుపులు ఆగేదాకా మళ్ళీ మళ్ళీ దొర్లించారు. తరవాత కత్తులతో దిగారు. మోకాళ్ళ మీద పడి దండం పెట్టినవాళ్ళనీ మెడలు కోశారు. రెండోగోడ, రెండోగోడ అని అరుస్తూ కోశారు. ఇరుకు సన్నం, నెత్తురు పోవడానికి చోటు లేక చీలమండల దాకా నిలిచింది. అందులోనే జారుకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళాను.

ముత్యాలు పొయ్యి మీదకి వంగి ఉంది. వీపులో నాలుగు, మెడలో ఒకటి. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. చెయ్యి మంటలో ఉంటే తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను.

పక్కన కడుపులో బాణం దిగిన మనిషొకడు బండకి ఆనుకుని ఉన్నాడు. దళపతి పెట్టె వచ్చేదాకా చావకుండా ఆగాడు. దివాకరం.

"పొయ్యిల కథే కదరా మార్కండేయా," అన్నాడు నెత్తురు కక్కుతూ. "నేను నమ్మలేదు. రెండు రోజులు నమ్మలేదు. ఈ పిల్లే ఒట్టేసింది. పక్కింటి పొయ్యిలు రెట్టింపు మండుతున్నాయి, ఇది మోసం కాదు, మా అమ్మ ఊళ్ళో చావులే, పక్కిళ్ళవాళ్ళు వండి పెడుతున్నారు అంది. ఇవాళ మా అమ్మ పొయ్యి కూడా ఆరిందని ఏడ్చింది." ఇంకేదో అనబోయి తన కత్తితో తనే గొంతు కోసుకున్నాడు. అచ్చం కథలోవాడిలా. దళపతి చూస్తూ ఊరుకున్నారు, ఆపలేదు.

నేను పొయ్యి ఆర్పేశాను. కడపటి మంట రాజేసినవాళ్ళే ఆర్పాలి. అది ఆర్పలేకపోయింది.

217వ రోజు. వెలిగిన పొయ్యిలు: 387.

పగిలిన పొయ్యిలు మళ్ళీ మెత్తారు, అన్నీ రాజేశారు. విరిగిన చెయ్యి కట్టుకున్న పడమటి వీధి ఆవిడ కూడా రాజేసింది. వీధుల్లో డప్పులు. పిల్లలు సున్ బిన్ ఆట ఆడుతున్నారు, ఒకడు పెట్టెలో కూర్చున్నాడు, మిగతావాళ్ళు చావడానికి పోటీపడుతున్నారు. కొన్నాళ్ళకి వీళ్ళూ బల్ల మీద కూర్చుని మా కథ కూడా కలిపి వింటారు. వినకండర్రా అని చెబుదామనుకున్నాను. ఓపిక లేకపోయింది.

మధ్యాహ్నం దళపతి చిట్టా తెప్పించుకుని చూశారు. మనిషిని పంపి అడిగించారు, నిన్న మనవాళ్ళు ఒక్కరూ పోలేదు కదా, అన్ని ఇళ్ళూ వెలగాలి కదా, ఒకటి తగ్గిందేమిటి, లెక్క మళ్ళీ చూడమని.

మళ్ళీ చూశాను. తప్పు లేదు. మా ఇంట్లో వెలగలేదు. కోటమ్మ పొయ్యి మాత్రం పొద్దుటి నుంచీ రెండింతలు మండుతోంది. ఎవరూ చెప్పలేదు ఆమెకి. ఇందాకే మూత పెట్టిన గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, పక్కనే కూర్చుంది.